ఇంటి అప్పులు ఎలా తగ్గించుకోవాలి: ముందు వడ్డీ సంగతి చూడండి, కూరగాయల సంచి తర్వాత

"జీతం పదో తారీఖుకే అయిపోతోంది, అప్పులు నాలుగైదు చోట్ల ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?" విజయవాడ, గుంటూరు వైపు నుంచి ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లు అడుగుతున్నారు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్లు అడుగుతున్నారు, మిర్చి కొట్లలో గుమస్తాలు అడుగుతున్నారు. దాదాపు అందరూ ముందు చేసేది ఒకటే. పాలు అర లీటరు తగ్గిస్తారు, పిల్లల చిరుతిళ్లు ఆపుతారు. నెల తిరిగేసరికి ఇంట్లో విసుగు మిగులుతుంది, అప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

అప్పులున్న ఇంట్లో పెద్ద ఖర్చు వడ్డీ. అది ఎక్కడా ఖర్చుగా రాసి ఉండదు కాబట్టి కనపడదు. అందుకే ఈ పద్ధతిలో ముందు వడ్డీ తగ్గిస్తాం, ఆ తర్వాతే వంటింటి దగ్గరికి వస్తాం. వరస మార్చకండి.

కావలసినవి

ఒక పొడుగు నోటు పుస్తకం. బ్యాంకు పాస్‌బుక్కులు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు, బంగారం కుదువపెట్టిన రశీదులు, డ్వాక్రా పుస్తకం, చీటీ పుస్తకం, కరెంటు బిల్లులు. ఫోన్‌పే, గూగుల్‌పేలలో గత మూడు నెలల లావాదేవీలు. ఆదివారం మధ్యాహ్నం ఒక పూట. భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన అప్పు ఉంటే అది ఆ పూటే బయటికి రావాలి. కోపాలు వస్తాయి, రానివ్వండి. దాచిన అప్పు ఒక్కటున్నా కింద చెప్పే లెక్క ఏదీ నిలబడదు.

1. అప్పుల చిట్టా రాయండి

ఒక్కో అప్పుకి ఒక్కో వరస. ఎవరికి ఇవ్వాలి, అసలు ఇంకా ఎంత ఉంది, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నారు, ఏ తారీఖున, వాళ్ల దగ్గర మీది ఏ కాగితం ఉంది (ప్రామిసరీ నోటు, చెక్కు, బంగారం, ఇంటి పత్రం). ఈ చివరిది చాలామంది రాయరు, కానీ అదే ముఖ్యం.

చిన్నవి వదలకండి: కిరాణా కొట్లో ఖాతా, పాలవాడి బాకీ, ఫోను మీద ఈఎంఐ, తోడికోడలి దగ్గర తెచ్చిన పది వేలు. మీరు హామీ సంతకం పెట్టిన అప్పులు, చీటీలు విడిగా కింద రాయండి. అవతలివాళ్లు ఆపేసిన రోజున అవి మీవే.

2. అన్నిటినీ "నూటికి ఎంత" లోకి మార్చండి

మన దగ్గర చేబదులు వడ్డీని నెలకు నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అంటాం. బ్యాంకు ఏడాదికి తొమ్మిది శాతం, పన్నెండు శాతం అంటుంది. వినడానికి మూడు చిన్నది, పన్నెండు పెద్దది. నిజానికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, బ్యాంకు 12 శాతం అంటే రూపాయి వడ్డీ, 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. బ్యాంకు చెప్పిన శాతాన్ని 12తో భాగిస్తే నూటికి ఎంతో వస్తుంది. అన్నీ ఇలా ఒకే లెక్కలోకి తెచ్చాకే పోల్చండి.

మూడు చోట్ల లెక్క దాగి ఉంటుంది.

రోజువారీ ఫైనాన్సు: పది వేలకు రాయించుకుని 1,500 ముందే కోసి 8,500 చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "పదిహేను శాతమేగా" అనుకుంటారు. కానీ తీసుకున్నది 8,500, అదీ రోజూ తగ్గుతూ వస్తుంది. లెక్క కడితే ఇది నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ.

ఫ్లాట్ వడ్డీ: బండికి 60,000 ఫైనాన్సు, "పన్నెండు శాతం ఫ్లాట్", 24 నెలలు, నెలకు 3,100. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీదే వేశారు కాబట్టి ఇది నిజంగా నెలకు నూటికి 1.80. ఫ్లాట్ అన్న మాట వినపడితే ఆ శాతం రెట్టింపుకి దగ్గరగా ఉంటుందని అనుకోండి.

క్రెడిట్ కార్డు: నెలకు మూడున్నర రూపాయల వడ్డీ మామూలే. 40,000 బాకీ మీద మినిమం డ్యూ ఐదు శాతం లెక్కన 2,000 కడితే, అందులో 1,400 వడ్డీకి, దాని మీద జీఎస్టీ 252కి పోతుంది. అసలు తగ్గేది 348 రూపాయలు. మినిమం కట్టి ఈ నెలకి గట్టెక్కామనుకోకండి.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. ఇద్దరి సంపాదన కలిపి 34,000. మూడు రూపాయల వడ్డీకి లక్ష నోటు, పైన చెప్పిన కార్డు, 20,000 రోజువారీ ఫైనాన్సు, బ్యాంకులో 80,000 బంగారం అప్పు. వడ్డీలు మాత్రమే కలిపితే నోటుకు 3,000, కార్డుకు 1,652, ఫైనాన్సుకు సుమారు 900, బంగారానికి 600. మొత్తం 6,150 పైమాటే. చాలా ఇళ్లలో నెల కిరాణా బిల్లు కూడా ఇంచుమించు ఇంతే. పాల ప్యాకెట్టు మానేస్తే ఇది తగ్గదు.

మీ పుస్తకంలో కూడా ఈ మొత్తం వేసి, చుట్టూ గీత గీయండి. ఆ అంకెను తగ్గించడమే పని.

3. కొత్త అప్పు ఆపండి

కార్డు ఇంట్లో పెట్టెలో పెట్టండి. ఫోనులోని లోన్ యాప్‌లు తీసేయండి, తీసేముందు వాటికి కాంటాక్టులు, ఫొటోల అనుమతి రద్దు చేయండి. ఒక ఫైనాన్సు కట్టడానికి ఇంకో ఫైనాన్సు తేవడం ఈ రోజు నుంచి ఉండదు. విజయవాడలో 2015 డిసెంబరులో బయటపడిన కాల్‌మనీ (అధిక వడ్డీకి అప్పిచ్చి, వేధించి వసూలు చేసే దందా) దారుణాలు గుర్తున్నవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఖాళీ చెక్కులు, ఖాళీ నోట్ల మీద సంతకాలు పెట్టిన ఇళ్లే అప్పుడు ఎక్కువ నలిగాయి.

4. ఒక నెల ఖర్చు రాయండి

తగ్గించాలని చూడకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఫోన్‌లో కట్టినవి ఎలాగూ ఉంటాయి, చేతి డబ్బు మాత్రం ఏ రోజుది ఆ రోజు రాయాలి. రాత్రి అన్నాలయ్యాక ఐదు నిమిషాలు చాలు.

5. ఏడాది ఖర్చులు విడిగా రాయండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. నెల ఖర్చు సరిగ్గానే నడిపే ఇళ్లు కూడా అప్పులో పడేది ఇక్కడే. జూన్‌లో స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ సామాను, ఏడాదికి సరిపడా కారం. దసరా బట్టలు. సంక్రాంతికి అల్లుడు, కూతురు వస్తే పెట్టుపోతలు. శ్రావణంలో, మాఘంలో వరసగా పెళ్లిళ్లు, చదివింపులు. బండి ఇన్సూరెన్సు, ఇంటి పన్ను. ఇవేవీ ఉన్నట్టుండి వచ్చిపడేవి కావు, తారీఖుతో సహా ముందే తెలిసినవే. అయినా ప్రతిసారీ చేబదులు తెస్తాం.

పన్నెండు నెలల పేర్లు రాసి, ఏ నెలలో ఏమొస్తుందో, ఎంతవుతుందో రాయండి. మొత్తం కూడి 12తో భాగించండి. 48,000 వస్తే నెలకు 4,000 పక్కన పెట్టాలి. దీనికి వేరే ఖాతా తెరిచి, దానికి ఫోన్‌పే కలపకండి. 4,000 తీయలేమనిపిస్తే ఆ జాబితానే కొట్టేసుకుంటూ రండి.

చదివింపుల గురించి ఒక మాట. మనకు ఎవరు ఎంత చదివించారో పాత పుస్తకం ప్రతి ఇంట్లో ఉంటుంది. అది చూసి తిరిగి ఇవ్వాల్సినవాళ్లకి ఇవ్వండి, మిగతావాళ్లకి 116తో సరిపెట్టండి. నాలుగు రోజులు మాట వస్తుందేమో. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చదివించిన వెయ్యినూటపదహార్ల సంగతి అవతలివాళ్లకి తెలియదు, తెలిస్తే వాళ్లే వద్దంటారు.

6. ఖరీదైన వడ్డీని చవక వడ్డీతో మార్చండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. పైన చెప్పిన ఇంట్లో లక్ష నోటుకి నెలకు 3,000 వడ్డీ. బీరువాలో గొలుసు ఉంటే బ్యాంకులో పెట్టి ముప్పావలా వడ్డీకి లక్ష తెచ్చి నోటు తీర్చేస్తే వడ్డీ 750కి దిగుతుంది. నెలకు 2,250 మిగులు, ఏడాదికి 27,000. ఏ ఖర్చు తగ్గించినా ఇంత రాదు.

బంగారం విషయంలో జాగ్రత్తలు:
- రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం వరకు ఇవ్వొచ్చు. ఇస్తామన్నారు కదా అని అంతా తీసుకోకండి. తీర్చాల్సిన నోటుకి ఎంత కావాలో అంతే.
- వడ్డీ మాత్రం కట్టి ఏటేటా తిప్పి పెట్టడం అలవాటైతే ఆ వస్తువు ఇంటికి రాదు. నెలనెలా అసలులోకి కొంత జమ చేయండి.
- అప్పు మొత్తం తీర్చాక వస్తువు ఏడు పనిదినాల్లోపు ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 పరిహారం అని అవే నిబంధనల్లో ఉంది.
- పెట్టేటప్పుడు తూకం, క్యారెట్, రాళ్ల బరువు ఎంత తీసేశారో రశీదులో చూసుకోండి.

బంగారం లేకపోతే: ఇంట్లో ఆవిడ డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ అప్పు (సంఘానికి బ్యాంకు ఇచ్చేది), స్త్రీనిధి (మహిళా సంఘాలకి అప్పిచ్చే సహకార సంస్థ) అప్పు గురించి సంఘంలో అడగండి. పొలం ఉన్నవాళ్లు పంట రుణం కింద బంగారం అప్పు అడగొచ్చు. ఉద్యోగులు సొసైటీ అప్పు చూడొచ్చు. చీటీ పాడదామనుకుంటే చేతికొచ్చేది ఎంత, ఇంకా కట్టాల్సిన వాయిదాలు మొత్తం ఎంత, రెండూ పక్కపక్కన రాసి చూడండి. తేడా మీ నోటు వడ్డీ కన్నా ఎక్కువైతే ఆ నెల పాట పాడకండి. చీటీ 1982 చట్టం కింద రిజిస్టరైందో లేదో కూడా అడగండి. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీ ఎత్తేస్తే మీ చేతిలో కాగితం ఉండదు.

చవక అప్పు చేతికి రాగానే ఆ రోజే పాత అప్పు తీర్చాలి. నాలుగు రోజులు ఖాతాలో ఉంటే అందులోంచి ఒక టీవీ వస్తుంది, పాత అప్పు అలాగే ఉంటుంది.

7. అప్పిచ్చినవాళ్లతో మాట్లాడండి, కాగితం సరిచూసుకోండి

తప్పించుకు తిరిగితే వడ్డీ పెరుగుతుంది. ఎదురెళ్లి కూర్చుని, చేతిలో కొంత డబ్బుతో అడగండి. "బాబాయ్, ఈ నెల అసలులో పాతిక వేలు జమ చేస్తాను. మిగతాదానికి రూపాయిన్నర వేసుకోండి, ప్రతి నెలా ఐదో తారీఖుకి తెచ్చిస్తాను." ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా పక్కనుంటే ఇంకా మంచిది. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకీ అసలు తిరిగి రావడమే ముఖ్యం.

జమ చేసిన ప్రతిసారీ నోటు వెనక తారీఖు వేసి, ఎంత జమైందో రాసి చెల్లు పెట్టించండి, ఆ పేజీ ఫొటో తీసుకోండి. వీలైతే డబ్బు ఫోన్‌పేలో పంపండి.

నోటు తిరగరాసేటప్పుడు అసలైన ప్రమాదం ఉంది. మూడేళ్లకి నోటుకి కాలదోషం పడుతుంది కాబట్టి ఆలోపు కొత్త నోటు రాయమంటారు. వడ్డీ కట్టకుండా ఉంటే లక్షకి మూడు రూపాయల లెక్కన మూడేళ్లకి 1,08,000 అవుతుంది. దాన్ని అసలులో కలిపి 2,08,000కి కొత్త నోటు రాయిస్తే అక్కడి నుంచి వడ్డీ నెలకు 6,240. బారువడ్డీ అనుకుని తెచ్చిన అప్పు ఒక్క సంతకంతో చక్రవడ్డీ అయిపోతుంది. అసలుకి మాత్రమే కొత్త నోటు, పాత వడ్డీకి వాయిదాలు అని బేరమాడండి.

తీరిపోయాక నోటు వెనక్కి తీసుకుని సంతకం ఉన్న చోట చింపేయండి. ఇచ్చిన చెక్కులు లెక్కపెట్టి తెచ్చుకోండి.

8. ఇప్పుడు ఇంటి ఖర్చు

నాలుగో మెట్టులో రాసిన పుస్తకం తీయండి. పెద్ద అంకెల నుంచి కిందికి రండి.

ఫీజులు. ఇంటర్ హాస్టల్ ఫీజు చాలా ఇళ్లలో ఏడాదికి అతిపెద్ద ఖర్చు. బస్సు దూరంలో కాలేజీ ఉంటే డేస్కాలర్‌గా మార్చడం గురించి పిల్లలతోనే మాట్లాడండి. ఫీజు వాయిదాలు జూన్‌కి ముందే అడిగి, రాయించుకోండి.

వైద్యం. రేషన్ కార్డు ఉన్న ఇళ్లకి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఆసుపత్రిలో చేరకముందే ఆ కౌంటర్ దగ్గర అడగాలి, బిల్లు కట్టాక అడిగితే లాభం లేదు. బీపీ, షుగర్ మందులు నెలనెలా కొనేవాళ్లు చీటీలోని మందు పేరు డాక్టరుతో జెనరిక్‌లో రాయించుకుని జన ఔషధి దుకాణంలో అడగండి. ఈ ఖర్చు తగ్గించొచ్చు గానీ మందు మాత్రం ఆపకండి.

ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు లేదు. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగేవాళ్లకి ఇది పెద్ద మిగులు. నాన్‌స్టాప్ బస్సుకి వర్తించదు, పది నిమిషాలు ముందు బయలుదేరండి.

గ్యాసు, కరెంటు. దీపం-2లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. డబ్బు ఖాతాలో పడిందో లేదో పాస్‌బుక్కులో చూసుకోండి. కరెంటులో 2022 ఆగస్టు నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం 225 యూనిట్ల దాకా ఉన్న 6 రూపాయల రేటు ఆ పైన 8.75 అవుతుంది. పై యూనిట్లకే ఆ రేటు, మొత్తం బిల్లుకి కాదు. ఎండాకాలంలో రీడింగు తీసిన రోజు నుంచి మీటరు వారానికోసారి చూస్తే ఏసీ ఎంతసేపు వేయాలో మీకే తెలుస్తుంది.

తిండి. బియ్యం సంచి ధర కాకుండా కిలో ధర పోల్చండి. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాకింగు సరుకు మీద జీఎస్టీ వచ్చాక 26 కిలోల సంచులు వచ్చాయి, పది కిలోల సంచి కొంటే కిలోకి ఎక్కువ పడుతుంది. కూరగాయలకి పటమట రైతుబజారు దగ్గరున్నవాళ్లు వారానికి రెండుసార్లు వెళ్లండి. దూరం నుంచి బండేసుకుని వెళ్లి ముప్పై రూపాయలు మిగిల్చి నలభై పెట్రోలు కాల్చకండి. కర్రీ పాయింట్‌ని చాలామంది తిడతారు, నేను తిట్టను. ఇద్దరూ పనికెళ్లి రాత్రి ఎనిమిదింటికి వచ్చే ఇంట్లో అన్నం వండుకుని ఒక పప్పు, ఒక కూర తెచ్చుకోవడం తప్పేం కాదు. ఆ అలసటలో యాప్‌లో బిర్యానీ ఆర్డరిస్తే అయ్యేదానితో పోలిస్తే అది చాలా తక్కువ.

పిల్లలకి గుడ్డు, పాలు తగ్గించొద్దు. దీని మీద నాకు రెండో మాట లేదు.

9. మిగిలినదాన్ని ఒక్క అప్పు మీదే పెట్టండి

అన్నిటికీ కట్టాల్సిన కనీసం కట్టండి. మిగులు మొత్తం నూటికి ఎక్కువ పడే అప్పు మీద పెట్టండి. పై లెక్కలో ముందు రోజువారీ ఫైనాన్సు, తర్వాత కార్డు. ఫైనాన్సు ముందే తీరిస్తే ఎంత తగ్గిస్తారో కట్టకముందే అడగండి. తగ్గించనంటే దాన్ని మామూలుగా నడవనిచ్చి, మిగులు కార్డుకి కట్టండి, ముందే కట్టినందుకు మీకొచ్చేదేం లేదు. ఐదారు వేల చిల్లర బాకీ ఒకటి ఒక్క నెలలో తీరిపోయేలా ఉంటే మాత్రం వరస తప్పించి అది తీర్చేయండి, మనసుకి బలం వస్తుంది. ఒకటి తీరాక దానికి కట్టే డబ్బు ఇంటి ఖర్చులో కలపకండి, అలాగే తీసి తర్వాతిదాని మీద వేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు

- డ్వాక్రా అప్పు తన పేరు మీద తీసి బంధువులకి ఇవ్వడం. వాళ్లు కట్టకపోతే సంఘంలో తలదించుకునేది మీరు.
- కార్డు బాకీకి "సెటిల్‌మెంట్" అంటే సంతోషంగా ఒప్పుకోవడం. సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర చూపే రిపోర్టు) సెటిల్డ్ అని పడితే తర్వాత ఇంటి అప్పు కష్టం. వేరే దారే లేనప్పుడు ఒప్పుకోండి, అదీ రాతపూర్వకంగా. మొత్తం కడితే నో డ్యూస్ కాగితం తీసుకోండి.
- చేతిలో రూపాయి ఉంచకుండా అంతా అప్పుకి కట్టేయడం. పిల్లాడికి జ్వరమొస్తే మళ్లీ ఫైనాన్సువాడే దిక్కవుతాడు. ముందు ఐదు నుంచి పది వేలు పక్కన పెట్టుకుని తర్వాత వేగం పెంచండి.
- ఒకరే లెక్క చూడటం. జీతం తెచ్చేవాళ్లు, ఖర్చుపెట్టేవాళ్లు ఇద్దరూ పుస్తకం చూడాలి.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి

ప్రతి నెలా ఒకటో తారీఖున రెండు అంకెలు రాయండి: మొత్తం అసలు ఎంత, నెల వడ్డీ ఎంత. మూడు నెలల్లో వడ్డీ అంకె స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోతే ఆరో మెట్టు సరిగ్గా జరగలేదు. వడ్డీ తగ్గి అసలు తగ్గకపోతే మిగులు ఎక్కడికో పోతోంది, నాలుగో మెట్టుకి వెళ్లండి. సిబిల్ లాంటి నాలుగు సంస్థలు ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తీసుకుని, మీరు తీర్చిన అప్పు క్లోజ్డ్ అని ఉందో చూసుకోండి.

వాయిదాలన్నీ కలిపితే ఆదాయంలో సగం దాటుతుంటే పొదుపుతో తీరదు. ఖాళీ స్థలమో, వాడని బంగారమో ఉంటే వడ్డీ దాన్ని తినేయకముందే అమ్మి కట్టడం మేలు. అమ్మడానికేమీ లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, 15100కి ఫోను చేయొచ్చు. ఆడవాళ్లకి అక్కడ న్యాయ సహాయం ఉచితం, లోక్ అదాలత్‌లో వాయిదాలు కుదురుస్తారు. బ్యాంకు, ఫైనాన్సు కంపెనీల వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం. మీరితే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, నంబరు 14448. లోన్ యాప్‌వాళ్లు ఫొటోలతో బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా కట్టకుండా స్క్రీన్‌షాట్లు తీసి 1930కి ఫోను చేయండి, ఇంట్లో ఒకరికి ఆ రోజే చెప్పండి.